దేవేంద్రప్ప రైఫిలు ఎంచిన విధం

దేవేంద్రప్పకు ఒక అలవాటు ఉన్నది. ఏ వస్తువు కొనవలసి వచ్చినా ముందు అందులో లోపం వెతుకుతాడు. లోపం దొరికితే కొనడు. దొరకకపోతే, లోపాన్ని ఎక్కడో దాచిపెట్టి అమ్ముతున్నారన్న అనుమానంతో అసలే కొనడు. ఈ రెండింటి నడుమ ఆ ఇంటి సంసారం ఎట్లా సాగిందన్నది ఆయన భార్య జయమ్మ చెప్పవలసిన విషయం. సంతకు వెళ్లి కూరగాయలు కొనేది ఆమె. ఆయన పని వెంట వెళ్లి వంకాయల ముచ్చికలు లాగి చూసి, తల అడ్డంగా ఊపి, ఖాళీ చేతులతో తిరిగి రావడం.

పెండ్లిచూపుల నాటి సంగతి జయమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. పిల్లను తీసుకొచ్చి ఎదుట నిలబెట్టారు. ఆయన లేచి, వంగి, మంచం కిందికి తొంగి చూశాడు. పెద్దలు పిల్ల నచ్చిందా అని అడిగితే, "ఈ మంచానికి ఒక కాలు పొట్టిగుండాది" అని జవాబిచ్చాడు. తనలో తప్పేమీ కనపడలేదా అని పెండ్లయిన చాలా రోజులకు జయమ్మ అడిగిందట.

"మంచం కాలు సూసేలోపల నిన్ను లోపలికి తోలుకపోయినారు కదా" అన్నాడట దేవేంద్రప్ప.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో తువ్వాలు కొనడానికి వెళ్లి, దానిని ఎండకెత్తి పోగు పోగూ చూస్తూ నిలబడితే, నేసినవాడు విసిగి మధ్యాహ్నం భోజనానికి పోయి తిరిగి వచ్చాడని ప్రతీతి. ఉరుకుంద ఈరన్న స్వామి జాతరలో టెంకాయ ఎంచుతూ ఎంచుతూ ఉండగానే స్వామి తలుపులు మూశారన్నది మాత్రం ప్రతీతి కాదు. ఆ రోజు జాతరలో ఆయన పక్కన ఉన్నది నేనే.

నేను ఆదోని తాలూకా కార్యాలయంలో నకళ్లు రాసే గుమాస్తాగా పనిచేసి విరమించినవాడిని. మా ఊరిలో ఎవరికి ఏ అర్జీ కావలసినా నా దగ్గరికే వస్తారు. ఆ విధంగా దేవేంద్రప్ప రైఫిలు వ్యవహారం మొదటి నుండి చివరి వరకు నా చేతుల మీదుగా నడిచింది. కనుక ఇందులో నేను చూసినదే రాస్తున్నాను. చూడనిది రాసినచోట ఆ సంగతి వేరుగా చెబుతాను.

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ మెట్టభూముల్లో ఉన్నది. రాళ్ల గుట్టల నుండి అడవిపందులు దిగి వేరుశనగ చేలలో పడతాయి. తినేది కొంచెం, కెలికేది మడి అంతా. చేలకు కావలి భీమన్న. బావి తవ్వేటప్పుడు బండ జారి మోకాలి మీద పడినప్పటి నుండి ఆయన కాలు వంగదు. కలుపు తీయలేడు, కాయ పీకలేడు. అయితే గొంతు ఉన్నది. మంచె మీద నిలబడి, ఖాళీ నూనె డబ్బా కొట్టి ఆయన ఒక్క కేక వేస్తే కోడుమూరు సంతలో బేరాలు ఆగిపోతాయని అంటారు. ఈ మాటను నేను విచారించి ధ్రువపరచలేదు. కాయ ఇంటికి వచ్చినప్పుడు చేనుకొక గంప చొప్పున రైతులు కావలికి పెడతారు. భీమన్న, ఆయన భార్య సంతోషమ్మ ఏడాది పొడుగునా బతికేది ఆ గంపల మీదనే.

ఇట్లుండగా ఒక ఏడాది పందులు మరీ ఎక్కువైనాయి. రైతుసంఘం అధ్యక్షుడు మంజునాథ్ పాలకేంద్రం దగ్గర అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. చదువుకున్నవాడు, తొందరమనిషి. పంటరక్షణ కోసం ఒకరి పేరున లైసెన్సు తీసుకోవాలనీ, తలా ఇంత వేసి చవకలో ఒక రైఫిలు కొనాలనీ, రైఫిలు ఊరికి వచ్చిన నాటి నుండి కావలి ఎత్తివేయాలనీ ఆయన ప్రతిపాదించాడు. తుపాకికి గంప పెట్టే పని లేదు కదా అన్నాడు. అందరూ సరేనన్నారు. భీమన్న కూడా అక్కడే ఉన్నాడు. కాలు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంత గొంతు ఉన్నవాడు ఆ రోజు మాట్లాడలేదు.

లైసెన్సు ఎవరి పేరున అన్న ప్రశ్న వచ్చింది. దేవేంద్రప్ప తండ్రికి పూర్వం తుపాకి ఉండేది. పైగా ఊరిలో ఏ కోర్టు కేసూ లేని రైతు ఆయన ఒక్కడే. గట్టు తగాదా ఆయనకూ ఒకటి ఉన్నది గాని, వకీలును ఎంచడం తెమలక కోర్టు వరకు పోలేదు. ఆయన పేరే ఖాయమైంది. వన్యప్రాణుల వేట నిషిద్ధమనీ, ఈ తుపాకి గాలిలో పేల్చి బెదరించడానికి మాత్రమేననీ, పందిని కాల్చాలంటే అటవీశాఖ వారి అనుమతి వేరుగా పొందాలనీ నేను లేచి చదివి వినిపించాను. ఆ సమయానికి టీలు వచ్చినందున ఎవరూ వినలేదు.

లైసెన్సు రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చిన తరువాత, నిర్ణీత గడువులోగా ఆయుధం కొని చూపించాలి. లేనిచో లైసెన్సు రద్దవుతుంది. దేవేంద్రప్ప నన్ను వెంటబెట్టుకుని ఆదోనిలో దస్తగిరి సాహెబు దుకాణానికి వెళ్లాడు. దస్తగిరి సాహెబు తాతల నాటి నుండి లైసెన్సుదారులకు తుపాకులు అమ్మి, మరమ్మతు చేసే మనిషి. నిదానస్తుడు. ఆ నిదానం ఆ రోజు పరీక్షకు వచ్చింది.

చవకలో కావాలంటే బోల్టు రైఫిలే మంచిదని ఆయన సలహా చెప్పాడు. ఒక గుండు పేలిన తరువాత కుడిపక్క ఉన్న పిడి ఎత్తి వెనక్కు లాగితే ఖాళీ తూటా బయటపడుతుంది. ముందుకు తోసి దించితే రెండోది ఎక్కుతుంది. తలుపు గడియ తీసి వేసినట్టే. యంత్రం తక్కువ, చెడిపోయేదీ తక్కువ. గోడకు గొలుసు వేసి ఉంచిన వాటిలో ఒకటి దించి ఇచ్చాడు. దేవేంద్రప్ప దానిని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, బోల్టు లాగి తోశాడు.

"శానా నున్నగా పోతాంది సాయిబూ."

"నున్నగా పోవడమే కదప్పా దాని గుణం."

"నున్నగా పోయేదాన్ని నమ్మకూడదు. మా పెద్దెద్దు గూడ నున్నగానే పోయినాది, పక్కాయన సేన్లేకి."

రెండోది దించారు. దాని చెక్కకు కొత్తగా పాలిష్ పెట్టి ఉన్నది. దేవేంద్రప్ప అందులో తన మీసం చూసుకున్నాడు. పంది కూడా ఇట్లాగే చూసుకుంటుందనీ, అద్దం దొరికిందని రోజూ వస్తుందనీ చెప్పి పక్కన పెట్టాడు. మూడోదానిని పరీక్షించడానికి దుకాణం నేల మీద బోర్లా పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు. బజారులో పోయేవారు ఆగి చూశారు. చివరికి లేచి, పడుకుంటే ఈ రైఫిలు బాగున్నది గాని పడుకుంటే తనకు నిద్ర వస్తున్నదని చెప్పాడు.

"అది తుపాకి తప్పా?" అని దస్తగిరి సాహెబు అడిగాడు.

"మరి నా తప్పా? నేను కొనేటోన్ని."

మూలలో ఇంకొకటి ఆనించి ఉన్నది. ఎవరో లైసెన్సుదారు చనిపోతే ఆయన కొడుకులు తెచ్చి అప్పగించిపోయినది. చెమ్మలో పడి ఉండి బోల్టు బిగుసుకుపోయింది. దానిని నునుపు చేయడానికి పట్టే శ్రమకు ఫాయిదా లేదనీ, అడిగేవాడు లేక అది అక్కడే ఉన్నదనీ దస్తగిరి సాహెబు సిగ్గుపడుతూ చెప్పాడు. నేను కుతూహలం కొద్దీ రెండు చేతులతో లాగి చూశాను. బోల్టు కదలలేదు. నా కళ్లజోడు మాత్రం ఊడి కిందపడింది. దేవేంద్రప్ప దానిని తీసుకుని, మోకాలికి ఆనించి, పళ్లు బిగించి లాగాడు. ఎద్దులబండి బురదలో నుండి లేచినట్టు మూలిగి తెరుచుకుంది. మళ్లీ మూయడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నచోటనే ఆనించి, ఏమీ అనకుండా బయటికి వచ్చాడు.

ఏ వస్తువును చూసినా ఏదో ఒక తప్పు చెప్పకుండా విడిచిపెట్టని మనిషి, తప్పు తప్ప మరేమీ లేని వస్తువును చూసి ఊరుకున్నాడు. ఆకలి వేసి ఉంటుందని అనుకున్నాను.

ఊరిలో బస్సు దిగేసరికి భీమన్న, సంతోషమ్మ బస్సు ఆగేచోటి రచ్చకట్ట మీద కూర్చుని ఉన్నారు.

"ఏమన్నా, దొరికినాదా?"

"లేదు భీమన్నా. ఒకటేమో నున్నగుంది, ఒకటేమో మెరుస్తాంది."

భీమన్న ఓదార్చాడు. మంచిది దొరికేదాకా చూడమన్నాడు, తొందరేముందన్నాడు. సంతోషమ్మ పెద్ద చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎవరో తొందరపెడుతున్నారని ఏదో ఒకటి తెచ్చుకోవద్దని మరీ మరీ చెప్పింది. ఊరంతటిలో దేవేంద్రప్ప అలవాటును మెచ్చుకున్నవారు ఆ ఇద్దరే. ఆయన మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని చెప్పి, చెంబు ఖాళీ చేశాడు.

గడువు దగ్గరపడినప్పుడు పొడిగింపు కోరుతూ అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. కారణం చూపాలి. "ఒక రైఫిలు బోల్టు మిక్కిలి నున్నగా నడచుటచే నమ్మదగినది కాదనియు, వేరొకదాని చెక్క మిక్కిలి మెరయుచుండుటచే పందులను ఆకర్షించుననియు అర్జీదారు భయపడుచున్నాడు" అని నేను రాశాను. సాక్షిగా రైతుసంఘం అధ్యక్షుడు సంతకం చేయాలి. మంజునాథ్ పళ్లు కొరుకుతూ చేశాడు. గడువు పొడిగించారు. మరుసటి ఏడు నిద్ర కారణంగా మళ్లీ పొడిగించారు. ఆ పైన దుకాణానికి ఇంకొక రైఫిలు వస్తే, అది మోసుకుని చేను చేరాలంటే మరొక ఎద్దు కావాలని రాశాము. ఆ కార్యాలయంలో మా అర్జీ కోసం ఎదురుచూసేవారు ఎవరైనా ఉండేవారేమో నేను చెప్పలేను. ప్రతి అర్జీ కిందా మంజునాథ్ సంతకం పడింది. సంతకం చేయకపోతే లైసెన్సు పోతుంది మరి.

ఊరు దేవేంద్రప్పను ఎగతాళి పట్టించింది. ఆయన కనపడితే చాలు, బీడీ అగ్గిపుల్ల ఇచ్చి, మండుతుందో లేదో ఎంచి చూసుకోమనేవారు. పందులకు మనవళ్లు పుట్టి వాళ్లకు పెండ్లిండ్లయినా ఈయన తుపాకి రాదని మంగలి లక్ష్మన్న క్షౌరం చేస్తూ అందరికీ చెప్పేవాడు. దేవేంద్రప్ప ఆ లక్ష్మన్న దగ్గరే కూర్చుని, నీ కత్తికి వంపు ఉన్నదని చెప్పి లేచి వచ్చేవాడు. సగం గడ్డంతో.

ఆ ఏళ్లన్నీ భీమన్న మంచె మీదనే ఉన్నాడు. డబ్బా కొట్టాడు, కేకలు వేశాడు. గంపలు ఇంటికి వచ్చాయి.

చివరికి ఒక జవాబు వచ్చింది. ఇకమీదట గడువు పొడిగించబడదనీ, ఈ నెలాఖరులోగా ఆయుధం కొని చూపనిచో లైసెన్సు రద్దవుతుందనీ దాని సారాంశం. నేను చదివి వినిపించగానే మంజునాథ్ లేచి, రేపు తాను కూడా ఆదోనికి వస్తానన్నాడు. ఇంకా ఇద్దరు రైతులను వెంట రమ్మన్నాడు. రైఫిలు లేకుండా బస్సు ఎక్కనిచ్చేది లేదన్నాడు.

మరునాడు ఉదయం బస్సు కోసం నిలబడి ఉండగా భీమన్న వచ్చాడు. నడుస్తుంటే చెప్పులు కిర్రు కిర్రుమంటున్నాయి. దేవేంద్రప్పను కొంచెం పక్కకు పిలిచాడు గాని, ఆయన గొంతుకు పక్క అనేది లేదు. అందరికీ వినపడింది.

"ఈ తూరి తప్పులెంచొద్దన్నా. ఏదో ఒకటి తెచ్చుకో. మా సంగతి మేము సూసుకుంటాము. సంతోషమ్మ సెల్లెలు ఎమ్మిగనూరులో ఉండాది, ఆడికి పోతాము. ఊరు నిన్ను పిచ్చోడంటాంటే ఇనలేకుండాను."

దేవేంద్రప్ప ఆయన మొహం వైపు చూడలేదు. కాళ్ల వైపు చూశాడు.

"నీ సెప్పులు కిర్రుమంటాండాయి భీమన్నా. పందులకు నువ్వు వచ్చేది ముందే తెలిసిపోతాది" అన్నాడు. అంతలో బస్సు వచ్చింది. ఆ పూట సంతోషమ్మ గాని, మజ్జిగ గాని రాలేదు.

దస్తగిరి సాహెబు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. గోడ మీది రైఫిళ్లన్నీ దించి బల్ల మీద వరసగా పరిచాడు. మంజునాథ్ చేతులు కట్టుకుని వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. దేవేంద్రప్ప ఆ వరసను కన్నెత్తి చూడకుండా దాటిపోయి, మూలలో దుమ్ము పట్టి ఉన్న రైఫిలు చేతికి తీసుకున్నాడు.

"ఇది."

దస్తగిరి సాహెబు తనకు సరిగా వినపడలేదేమో అనుకున్నాడు. అది పాత సరుకనీ, ముందే చెప్పడం తన ధర్మమనీ, దాని బోల్టు ఒక్కసారి తెరిచి మూసేసరికి మనిషికి చెమట పడుతుందనీ చెప్పాడు.

"తెలుసు సాయిబూ. సూసినాను కదా."

మంజునాథ్ వాకిలి వదిలి లోపలికి వచ్చాడు. రైఫిలు అందుకుని బోల్టు లాగాడు. రాలేదు. బలవంతాన లాగితే సగం వచ్చి ఆగింది.

"ఏందప్పా ఇది? ఒక గుండు పేలినాక రెండోది ఎక్కేలోపల పంది ఉరుకుంద సేరి సామికి దండం పెట్టుకొని వస్తాది."

"అవునప్పా" అన్నాడు దేవేంద్రప్ప నెమ్మదిగా. "అందుకే, ఆ నడుమ అరిసేటోడు ఒకడు ఉండల్ల. గొంతు ఉండేటోడు."

వెంట వచ్చిన రైతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంజునాథ్ బల్ల మీది వరసను చూపించి, ఇవన్నీ ఉండగా దానితో పనేమిటని అడిగాడు.

"వాట్లో తప్పులుండాయి కదప్పా. ఒకటి నున్నగుంది, ఒకటి మెరుస్తాంది, ఒకటి నిద్ర తెస్తాంది, ఒకటి బరువు. గుమాస్త సామి రాసినాడు. నువ్వే సంతకాలు సేసినావు."

మంజునాథ్ నా వైపు తిరిగాడు. దస్త్రం ప్రకారం ఆయన చెప్పినది వాస్తవమేనని నేను చెప్పవలసి వచ్చింది. సదరు నాలుగు రైఫిళ్లూ ఈ ఊరి అవసరానికి తగవని రైతుసంఘం అధ్యక్షుడి హోదాలో మంజునాథ్ ధ్రువపరిచి ఉన్నాడు. అవే రైఫిళ్లను ఇప్పుడు కొంటే, మునుపు రాసినవన్నీ అబద్ధమని అధికారుల ముందు ఒప్పుకున్నట్టు అవుతుంది. మూలలోని రైఫిలు ఒక్కదాని మీద మాత్రమే ఎప్పుడూ ఏ ఆక్షేపణా నమోదు కాలేదు. అది అన్నింటిలోకీ చవక కూడా.

మంజునాథ్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. కొంతసేపటికి ఆయన భుజాలు కదలడం చూసి కోపమనుకున్నాను. నవ్వు.

"ఇన్నేండ్లు నాతో సంతకాలు పెట్టించుకున్నావు కదప్పా" అన్నాడు. "సరే. కావలి ఉండనీ. కట్టు సాయిబూ, దాన్నే కట్టు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దేవేంద్రప్ప పక్కన నేను కూర్చున్నాను. కాగితాలు నా సంచిలో ఉన్నాయి. గుడ్డలో చుట్టిన రైఫిలు ఆయన ఒడిలో ఉన్నది. మొదటిసారి దుకాణానికి వెళ్లిన రోజే ఈ సంగతి ఆయన తేల్చుకుని ఉన్నాడా అని అడిగాను. ఆయన ముందు సీటు ఊపి చూశాడు.

"దీని బోల్టు లూజుగుండాది సామీ. ఎవరైనా సూసుకోకుండా కూసుంటే పడతారు" అన్నాడు. అంతకు మించి ఆయన నుండి జవాబు రాబట్టలేకపోయాను.

కట్ట మీద భీమన్న, సంతోషమ్మ నిలబడి ఉన్నారు. గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువును చూసి భీమన్న, మంచిదే దొరికిందా అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

"శానా మంచిది" అన్నాడు దేవేంద్రప్ప. "ఒక్క తప్పు గూడ లేదు. రేపు మాపటేలకు డబ్బా తీసుకొని రా. నువ్వు లేకుంటే ఇది పనిసెయ్యదంట."

సంతోషమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమైన తరువాత ఆమె చేసిన పని, ఇంటికి పోయి మజ్జిగ చిలకడం. చెంబు వచ్చేదాకా మమ్మల్నెవరినీ కదలనివ్వలేదు. ఈసారి అందులో ఉప్పు వేయడం మరిచిపోయింది. దేవేంద్రప్ప ఆ సంగతి చెప్పకుండా తాగాడు. ఆ తప్పు ఆయనకు కనపడలేదంటే మాత్రం నేను నమ్మను.

మరునాడు సాయంత్రం సగం ఊరు చేను గట్టు మీద చేరింది. పొద్దు వాలుతుండగా పందులు గుట్ట దిగాయి. దేవేంద్రప్ప నియమానుసారం గాలిలోకి ఒక గుండు పేల్చాడు. పందులు నిలబడి చూశాయి. ఆయన బోల్టు లాగడం మొదలుపెట్టాడు. మోకాలికి ఆనించాడు, పళ్లు బిగించాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. అంతలో మంచె మీద భీమన్న డబ్బా ఎత్తి ఒక కేక వేశాడు. పందులు వెనుదిరిగి గుట్ట ఎక్కిపోయాయి. అవి తుపాకికి పోయినాయా, గొంతుకు పోయినాయా అన్న చర్చ ఊరిలో ఇప్పటికీ తెగలేదు. గొంతుకే పోయినాయని అందరికంటే గట్టిగా వాదించేది దేవేంద్రప్ప.

ఆ తరువాత ఒకనాడు పని మీద ఆదోనికి వెళ్లినప్పుడు దస్తగిరి సాహెబు నన్ను పిలిచి ఒక చిన్న సీసా ఇచ్చాడు. అలాంటి సరుకు అమ్మినందుకు మనసు ఒప్పక, మేలైన నూనె పంపుతున్నానన్నాడు. రోజుకొక బొట్టు వేస్తూ పోతే బోల్టు వెన్నలాగా నడుస్తుందన్నాడు. నేను దానిని భద్రంగా తెచ్చి దేవేంద్రప్ప చేతిలో పెట్టాను. ఆయన మూత తీశాడు, వాసన చూశాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఏ లోపమూ చెప్పలేదు.

నేరుగా మంచె దగ్గరికి నడిచి, భీమన్నను చెప్పులు విడవమన్నాడు. వాటి పట్టీలకు బొట్టు బొట్టుగా సీసా అంతా పోసి, కిర్రు పోయేదాకా తన చేతులతో రుద్దాడు.

సదరు బోల్టు నేటికీ యథాస్థితిలో ఉన్నది.